ఈతలో ఏ పోటీ మేలు: 50 మీటర్లా, 1500 మీటర్లా?

పురుషుల 50 మీటర్ల ఫ్రీస్టైల్ (నచ్చిన పద్ధతిలో ఈదే పోటీ) ఒలింపిక్ ఫైనల్ 21 సెకన్లకు అటూఇటూగా ముగిసిపోతుంది. మలుపు ఉండదు, దూకడంలో తడబడితే సరిదిద్దుకునే వ్యవధీ ఉండదు. 1500లో అదే కొలనును 30 సార్లు ఈదాలి. సుమారు పావుగంట పాటు శక్తిని పొదుపుగా వాడటమే అక్కడి విద్య. ఒక మలుపు చెడినా, మిగతావాటిలో రాబట్టుకోవచ్చు.

వయసు విషయంలో మాత్రం పొట్టి పోటీదే పైచేయి. 2000 ఒలింపిక్స్‌లో 50 మీటర్ల స్వర్ణం గెలిచిన అమెరికా ఈతగాడు ఆంథోనీ ఎర్విన్, 2016లో 35 ఏళ్ల వయసులో మళ్లీ అదే పోటీలో గెలిచాడు. అమెరికాకే చెందిన డారా టోరెస్ 2008లో 41 ఏళ్లకు మహిళల 50 మీటర్లలో రజతం సాధించింది. పైగా వేగంగా ఈదేవారికి రిలే జట్టులోనూ చోటు దొరకవచ్చు.

అయినా నా మొగ్గు దూరపు ఈతవైపే. శిక్షణ కఠోరం, రోజూ కిలోమీటర్లకొద్దీ ఈదాలి. కానీ ఆ ఓర్పు ఇతర పోటీలకూ దారి తీస్తుంది. 2008లో 1500 మీటర్లు గెలిచిన ట్యునీషియా ఈతగాడు ఉసామా మెల్లూలీ, 2012లో కొలను దాటి 10 కిలోమీటర్ల ఓపెన్ వాటర్ (సరస్సు, సముద్రం వంటి చోట్ల ఈదే పోటీ) స్వర్ణమూ అందుకున్నాడు. మహిళలకు ఒలింపిక్స్‌లో 1500 మీటర్ల అవకాశం 2021లో జరిగిన టోక్యో క్రీడల్లో గాని రాలేదు. ఎన్నో తరాల ఈతగత్తెలకు జరిగిన అన్యాయమది. ఆ తొలి స్వర్ణం అమెరికా ఈతగత్తె కేటీ లెడెకీది.