లాంజ్‌కి డబ్బులు కట్టాలా, ఇంటి పులిహోర చాలా?

అమ్మానాన్నల్ని అమెరికాలో ఉన్న తమ్ముడి దగ్గరికి పంపేటప్పుడల్లా మా ఇంట్లో ఇదే చర్చ, ఎయిర్‌పోర్ట్ లాంజ్ (డబ్బు కట్టో, కార్డు చూపించో లోపలికెళ్ళి కూర్చుని తినే విశ్రాంతి గది) తీసుకుందామా వద్దా అని. గుంటూరులో మా వీధిలోనే నలుగురు అడిగారు, అందుకే రాస్తున్నా.

ముందు గన్నవరం, అదే విజయవాడ ఎయిర్‌పోర్ట్ సంగతి. అక్కణ్ణుంచి హైదరాబాద్ గంట ప్రయాణం, వెబ్ చెకిన్ చేసుకుని వెళ్తే సెక్యూరిటీ దాటాక మనకి మిగిలేది అరగంటో ముప్పావుగంటో, దానికోసం మనిషికి వెయ్యికి పైన పెట్టడం నాకైతే అస్సలు నచ్చదు. ఇంట్లో చేసిన పులిహోర, ఇడ్లీలు డబ్బాలో పెట్టుకుని వెళ్ళొచ్చు, సెక్యూరిటీలో ఏమీ అనరు, పచ్చళ్ళు మాత్రం చెకిన్ బ్యాగులో పెట్టేయండి, చేతిబ్యాగులో ఉంటే తీసేయిస్తారు. ఖాళీ బాటిల్ పట్టుకెళ్ళి లోపల నీళ్ళు పట్టుకోవచ్చు. ఒకవేళ ఫ్లైట్ 2 గంటలు, ఆపైన లేటయితే ఇలాంటి చిన్న ప్రయాణాలకి టిఫినో భోజనమో ఎయిర్‌లైనే పెట్టాలని డీజీసీఏ (విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ) రూల్ ఉంది, మొహమాటపడకుండా కౌంటర్‌లో అడగండి.

బ్యాంక్ కార్డు మీద లాంజ్ ఫ్రీగా వస్తుంది కదా అంటారా, వస్తే తప్పకుండా వాడుకోండి, రూపే, వీసా కార్డులకి సాధారణంగా 2 రూపాయలు కట్ అవుతుంది అంతే. కానీ ఇప్పుడు చాలా బ్యాంకులు అంతకుముందు మూడు నెలల్లో ఇంత ఖర్చుపెడితేనే అని షరతు పెట్టేశాయి. నాకు పోయినేడాది అదే అయింది, లైన్లో ఇరవై నిమిషాలు నిలబడ్డాక కార్డు గీస్తే రిజెక్ట్, అమ్మేమో మోకాళ్ళు పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడింది, ఆ మొహం చూస్తే ప్రాణం ఉసూరుమంది. బయల్దేరే ముందురోజే బ్యాంక్ యాప్‌లో చూసుకోండి, మీతో వచ్చేవాళ్ళకి వర్తిస్తుందా లేదా అన్నది కూడా. ప్రయారిటీ పాస్ (చాలా దేశాల లాంజ్‌లలోకి వెళ్ళనిచ్చే సభ్యత్వ కార్డు) ఉందని నిశ్చింతగా వెళ్ళి పక్కమనిషికి 35 డాలర్లు కట్టినవాళ్ళు ఉన్నారు.

అసలు లాంజ్ విలువ తెలిసేది మధ్యలో ఆగినప్పుడు. దోహాలోనో దుబాయ్‌లోనో ఆరేడు గంటలు ఆగాల్సొస్తే, అరవై దాటినవాళ్ళు ఇనప కుర్చీల్లో అంతసేపు కూర్చోలేరు, కాళ్ళు వాచిపోతాయి. అక్కడ లాంజ్‌లో ఒళ్ళు వాల్చడానికి కుర్చీలుంటాయి, చాలావాటిలో స్నానానికి షవర్లు కూడా ఉంటాయి, పెరుగన్నం దొరక్కపోయినా అన్నం, పప్పులాంటిదేదో దొరుకుతుంది. తిండి లెక్క వేసుకుంటే గిట్టదు, మా వాళ్ళు తినేది రెండు బ్రెడ్ ముక్కలు, ఓ కాఫీ. నడుం వాల్చడానికే ఆ డబ్బు అనుకోవాలి.

ఇంకోటి, రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి శంషాబాద్‌లో, అంటే హైదరాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో దిగి, మధ్యాహ్నం ఫ్లైట్‌దాకా లాంజ్‌లో పడుకుందాం అనుకుంటారు చాలామంది. ఇంటర్నేషనల్ లాంజ్ ఇమ్మిగ్రేషన్ దాటాక ఉంటుంది, చెకిన్ కౌంటర్ తెరిస్తేనే కదా అక్కడిదాకా వెళ్ళేది, అందుకని ఇంకాస్త ఆలస్యంగా బయల్దేరే బస్సో, దగ్గర్లో చిన్న రూమో చూసుకోవడం మేలు. వీల్‌చైర్ పెట్టించుకుంటే తోసుకెళ్ళే అబ్బాయికి లాంజ్‌కి వెళ్తున్నామని, బోర్డింగ్ టైముకి మళ్ళీ రమ్మని ముందే చెప్పాలి, లోపల అనౌన్స్‌మెంట్లు వినపడకపోవచ్చు, నాన్న ఫోన్‌లో అలారం నేనే పెట్టిస్తా.

మా వాళ్ళకి వచ్చే నెల గన్నవరం, ఢిల్లీ, దోహా మీదుగా టికెట్. గన్నవరంలో, ఢిల్లీలో ఏమీ తీసుకోలేదు, దోహాలో 7 గంటలు ఆగాలి కాబట్టి అక్కడొక్కచోటే ఇద్దరికీ కట్టేశా. టవల్ వాళ్ళే ఇస్తారా, మనం పట్టుకెళ్ళాలా అని అమ్మ ఇప్పటికే రెండుసార్లు అడిగింది, ఎందుకైనా మంచిదని ఓ పల్చటి తుండు చేతిబ్యాగులో పెట్టా.