ఆర్డుయినో కిట్టా, టెస్టరా?

మా స్కూల్లో ఎనిమిదిలో అటల్ టింకరింగ్ ల్యాబ్, తొమ్మిదిలో ఒకేషనల్ కింద ఇంటి వైరింగ్ ఉండేవి. రెండూ చేశాను.

ల్యాబ్ చూడ్డానికి భలే ఉంటుంది. నీతి ఆయోగ్ 2016లో మొదలుపెట్టిన ఈ పథకంలో స్కూలుకి 20 లక్షల దాకా ఇస్తారు కాబట్టి త్రీడీ ప్రింటర్, సెన్సర్లు, ఆర్డుయినో బోర్డులు (మనం రాసిన కోడ్‌తో నడిచే చిన్న సర్క్యూట్ బోర్డులు) అన్నీ ఉండేవి, కాకపోతే ఒక్కో కిట్ చుట్టూ ఆరుగురం, వైరు పట్టుకునేది ఒక్కడే. అయినా మొదటిసారి నా కోడ్‌కి 13వ పిన్ మీద ఎల్‌ఈడీ మిణుకుమన్న రోజు అన్నం కూడా సరిగ్గా తినలేదు. తప్పు చేసినా పెద్దగా భయం లేదు, 5 వోల్టులేగా.

వైరింగ్‌లో అలా కుదరదు. 230 వోల్టులు. మొదటి వారమంతా వైరు తొక్క తీయడమే, రాగి పోగు ఒక్కటి తెగినా సార్ "మళ్లీ తియ్యి" అనేవారు. తర్వాత మెట్ల లైటు: కింద ఒక టూ-వే స్విచ్, పైన ఇంకొకటి, ఎక్కణ్నుంచైనా వెలిగించి ఆపొచ్చు. ఒక్కోదానికి మూడు స్క్రూలు: నొక్కినప్పుడల్లా కామన్ అనేది మిగతా రెంటిలో ఒకదానికి మారి కలుస్తుంది. నేను కింది స్విచ్ కామన్ స్క్రూకి ఫేజ్ (కరెంటు వచ్చే వైరు) బదులు రెండు స్విచ్‌ల మధ్య వైరు బిగించేశాను. కింది స్విచ్ ఆపితే పైది ఎన్నిసార్లు నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. సార్ చెప్పలేదు, మెయిన్ ఆపించి ఒక్కో వైరూ వేలితో చూసుకుంటూ పొమ్మన్నారు. ఇరవై నిమిషాలు, చెమటలు.

నన్నడిగితే వైరింగే ముందు పెట్టాలి. ల్యాబ్‌లో రిలే అంటే ఏదో నీలం డబ్బా అనుకున్నాను, తీరా చూస్తే అదీ టూ-వే స్విచ్చే: ఒక కామన్, రెండు కాళ్లు, వేలికి బదులు కరెంటు పారితే అయస్కాంతమై లాగే కాయిల్.