ఆన్‌లైన్‌లో మెడికల్ సరుకులు కొనేవాళ్ళూ, ఆ 'అంగీకరిస్తున్నాను' బటన్ దగ్గర ఆగండి

కీమో పేషెంట్లకి టోపీలు, విగ్గులు, ఆపరేషన్ తర్వాత వేసుకునే లోదుస్తులు అమ్మే ఆ సైట్ ఏదో మన వైజాగ్‌లో అగనంపూడి క్యాన్సర్ ఆసుపత్రి చుట్టూ తిరిగినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. వాట్సాప్ గ్రూపుల్లో అందరూ దాని లింకే పంపుతారు. నాకూ అలాగే వచ్చింది. సరుకు బాగుంది, చెప్పిన రోజుకే వచ్చింది. నా గొడవ సరుకుతో కాదు.

మా అమ్మకి రొమ్ము క్యాన్సర్. నరసన్నపేటలో ఉండే అమ్మమ్మకి ఎనభై దాటాయి. కీమో అంతా అయ్యాక తనే చెబుతానని, అప్పటిదాకా ఎవరూ నోరు విప్పొద్దని అమ్మ మా అందరి చేతా ఒట్టు వేయించుకుంది. జుట్టు పోయినందుకు సింహాచలంలో మొక్కు తీర్చుకున్నానని చెప్పింది. అమ్మమ్మ నమ్మింది.

మొన్న చందనోత్సవానికి అమ్మమ్మ మా ఇంటికొచ్చింది. ఆ రద్దీలో కొండెక్కించలేకపోయాం. "ఫోటోలైనా సూపించే" అంటే ల్యాప్‌టాప్ తెచ్చి, నేను రోజూ చూసే వార్తల సైట్ తెరిచాను. కొండ మీద క్యూల ఫోటో. దాని పక్కనే, నేను కొన్న టోపీ. అదే మెరూన్ రంగు. కింద లావు తెలుగు అక్షరాల్లో కీమో, క్యాన్సర్ అన్న మాటలు. అమ్మమ్మ ఐదో తరగతి దాకా చదువుకుంది. కూడబలుక్కుని చదివింది. చదివి, వంటింట్లో పప్పు తాలింపు వేస్తున్న అమ్మ తల వైపు చూసింది.

"ఏటే ఇది? మీయమ్మ నెత్తి మీదున్నదేనా?"

నేను ల్యాప్‌టాప్ మూసేశాను. మూసిన తీరుతోనే ఆవిడకి అంతా తెలిసిపోయింది. "నాకెందుకు సెప్పనేదే" అని ఒక్క మాట అంది. ఆ పూట ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు.

హిస్టరీలోంచి ఆ సైట్ పేజీలు ఒక్కొక్కటే తీసేశాను కాబట్టి గుర్తులేవీ లేవనుకున్నాను. అది నా తెలివితక్కువతనం. హిస్టరీ వేరు, కుకీ వేరు. కుకీ అంటే సైట్ మన బ్రౌజర్‌లో పెట్టే చిన్న చీటీ. 1994లో నెట్‌స్కేప్‌లో లూ మోంటుల్లి అనే ఇంజనీరు దీన్ని తయారుచేశాడు. బుట్టలో వేసిన సరుకు పేజీ మారినా గుర్తుండాలంటే అలాంటి చీటీ ఉండాలి, దాంతో నాకు పేచీ లేదు. పేచీ థర్డ్ పార్టీ కుకీతో. ఆ షాపు పేజీలో ప్రకటనల కంపెనీ కోడ్ కూడా ఉంటుంది, అది తన చీటీ తను పెడుతుంది, దాని మీద ఒక నంబరు. అదే కంపెనీ ప్రకటనలు వార్తల సైట్‌లోనూ ఉంటే, అక్కడికి వెళ్ళగానే మన బ్రౌజర్ ఆ నంబరు మళ్ళీ అందిస్తుంది. ఇంకేముంది, 'టోపీ చూసిన మనిషి వచ్చింది' అని వాళ్ళకి తెలిసిపోతుంది. నా పేరుతో వాళ్ళకి పనిలేదు. మా ఇంట్లో జబ్బేమిటో తెలిస్తే చాలు.

మర్నాడు షాపు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. జరిగింది చెప్పి, మా వివరాలు ఎవరెవరికి ఇచ్చారో చెప్పండి, తీసేయించండి అని అడిగాను. అవతలి అమ్మాయి విసుగ్గా, "మీరే కదా మేడమ్, అంగీకరిస్తున్నాను నొక్కారు" అంది. సైట్ తెరవగానే కుకీలకి ఒప్పుకోమని అడిగే బటన్ అది. నొక్కాను, కానీ దేనికి నొక్కానో మీరు చెప్పలేదు కదా అన్నాను. అప్పుడందీ మాట: "అయినా క్యాన్సర్ దాచుకునే విషయమా మేడమ్? ఇంట్లో ముందే చెప్పుకోవాల్సింది." ఫోన్ పెట్టేసింది. ఎవరికి ఎప్పుడు చెప్పాలన్నది మా అమ్మ ఇష్టం. ఒంట్లో ఏదీ తన మాట విననప్పుడు ఆవిడ చేతిలో మిగిలింది అదొక్కటే. దాన్ని కూడా లాక్కున్నారు.

ఆ రాత్రి మళ్ళీ ఆ సైట్ తెరిచి చూశాను. 'అన్నీ అంగీకరిస్తున్నాను' అరచేతి వెడల్పున ఆకుపచ్చగా ఉంది. వద్దనడానికి బటనే లేదు. 'ప్రిఫరెన్సెస్' అని కనీకనపడని బూడిద రంగులో ఒక లింకు, లోపలికి వెళ్తే ప్రకటనలకి సంబంధించినవన్నీ ముందే ఆన్ చేసి ఉన్నాయి. ఇలా ముందే టిక్ పెట్టి ఉంచితే అది అంగీకారం కాదని యూరప్ న్యాయస్థానం 2019లోనే తేల్చింది. మన 2023 డేటా రక్షణ చట్టం కూడా అంగీకారం స్వేచ్ఛగా, విషయం తెలిసి ఇచ్చినదై ఉండాలంటుంది, ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి తీసుకునే వీలుండాలంటుంది. నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి, కానీ కంపెనీల బాధ్యతలకి 18 నెలల గడువిచ్చారు. ఈలోగా మాలాంటివాళ్ళ గతేమిటి?

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేస్తున్నాను. మీరు మాత్రం ఇలాంటివి కొనేటప్పుడు ఇన్‌కాగ్నిటో విండోలో (మూసేస్తే హిస్టరీ, కుకీలు బ్రౌజర్‌లో మిగలని ప్రైవేట్ విండో) కొనండి, పని అవగానే ఆ విండోలన్నీ మూసేయండి. క్రోమ్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీలోకి వెళ్ళి థర్డ్ పార్టీ కుకీలు బ్లాక్ చేయండి, పాతవి డిలీట్ చేయండి. సఫారీ 2020 నుంచి వాటిని తనంతట తనే ఆపేస్తోంది. క్రోమ్‌లోనూ తీసేస్తామని గూగుల్ అదే ఏడాది చెప్పి, తర్వాత మానుకుంది, కాబట్టి మామూలు విండోలో మనమే ఆపుకోవాలి. ఇంట్లో అందరూ వాడే ల్యాప్‌టాప్ అయితే ఈ రాత్రికే చేయండి.

అమ్మమ్మ ఊరికి వెళ్ళనంటోంది. వచ్చే మంగళవారం కీమోకి తనూ వస్తానని పట్టుబట్టి కూర్చుంది.