టాటామొబైల్ 206: పదేళ్లకు పైగా వాడాక నా మాట

చెన్నై మాధవరంలో మాకు నర్సరీ ఉంది. కడియం నుంచి లారీల్లో దిగే మొక్కల్ని అన్నానగర్, అడయార్ వైపు ఇళ్లకు చేర్చడానికి టాటామొబైల్ 206 పికప్ వాడుతున్నాం. కొని పదేళ్లు దాటింది. మా చేతికి వచ్చేసరికే బాగా నలిగిన బండి. ఇలాంటిది ఇప్పుడు కొనొచ్చా అని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. ఛాసిస్ (బండిని మోసే అడుగు ఫ్రేము) గట్టిగా ఉండి, కాగితాలు సరిగ్గా ఉంటే కొనండి. ఇంజిన్ గురించి అంత టెన్షన్ పడక్కర్లేదు.

ఎందుకంటే ఈ పికప్ 1988లో వచ్చింది. దీని మీదే 1991లో సియెరా, ఆ మరుసటి ఏడాది ఎస్టేట్ కార్లు తయారయ్యాయి. ఇందులోని 1948 సీసీ డీజిల్ ఇంజినే 1994లో వచ్చిన సుమోలోనూ పెట్టారు. సుమోలు ట్యాక్సీలుగా ఎన్ని తిరిగాయో మనకు తెలిసిందే. ఆ పుణ్యమా అని చెన్నైలో పాత బండ్ల సామాను అమ్మే పుదుప్పేటలో ఓపిగ్గా తిరిగితే ఇంజిన్ సామాను ఇప్పటికీ దొరుకుతుంది. అదే మద్రాసులోనే తయారైన స్టాండర్డ్ 20 వ్యాన్ తీసుకోండి, చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది గానీ చిన్న ముక్క విరిగినా లేత్ షాపు చుట్టూ తిరగాలి. పాత బండి కొనే ముందు బండిని కాదు, దాని సామాను దొరికే కొట్టును చూడాలని అందుకే అంటాను.

ఇక ఛాసిస్. మా మెకానిక్ నెల్లూరు వైపువాడు. నేను బానెట్ ఎత్తబోతుంటే, "ఇంజిన్ సంగతి నేను చూసుకుంటాలే అన్నా, నువ్వు ముందు కింద పడుకుని చూడు" అన్నాడు. చెన్నైలో ఈ మాటకు విలువ ఎక్కువ. తిరువాన్మియూర్, రాయపురం లాంటి చోట్ల సముద్రం పక్కనే ఏళ్ల తరబడి నిలబడిన బండికి పైన పెయింట్ మెరుస్తున్నా కింద రేకు పొరలు పొరలుగా లేస్తుంటుంది. టార్చి, చిన్న సుత్తి పట్టుకెళ్లండి. వెనక కమాన్ కట్టలు (బరువు మోసే పట్టీల స్ప్రింగులు) ఛాసిస్‌కు తగిలే బ్రాకెట్ల దగ్గర, క్యాబిన్ కూర్చునే మౌంటింగుల దగ్గర మెల్లగా కొట్టి చూడాలి. గట్టి ఇనుము ఖంగుమంటుంది. తుప్పు తిన్నది మొద్దుగా చప్పుడు చేస్తుంది. కింద అంతా కొత్తగా నల్ల రంగు కొట్టి ఉంటే ఇంకా అనుమానించాలి. అమ్మే ముందు కింద రంగు కొట్టించేది సాధారణంగా దాచడానికే.

తర్వాత క్యాబిన్‌లో మ్యాట్ ఎత్తండి. తలుపుల కింది అంచులు, ముందు అద్దం రబ్బరు మూలలు, వెనక తొట్టి నేల కూడా చూడండి. గుడ్డలో చుట్టిన అయస్కాంతం రేకుకు అతుక్కోకపోతే అక్కడ ఉన్నది పుట్టీ. తలుపు అంచుకు తుప్పుంటే టింకరింగ్‌తో పోతుంది, ధర తగ్గించి తీసుకోవచ్చు. ఛాసిస్ మీద వెల్డింగ్ ముక్కలు అతికించి ఉంటే మాత్రం బేరమే వద్దు, ఇంటికొచ్చేయండి.

బండి వెనక నిలబడి ఒక పక్కకు వాలిందేమో కూడా గమనించాలి. కమాన్ కట్టల్లో అదనపు పట్టీలు వేసి ఉంటే అది ఇసుకో ఇటుకలో మోసిన బండి. నన్నడిగితే చిత్తూరు, వేలూరు లాంటి లోపలి ఊళ్లలో తిరిగినదే మేలు. పెయింట్ వెలిసిపోయినా ఇనుము మిగిలి ఉంటుంది. వేరే రాష్ట్రం బండైతే అక్కడి ఆర్టీఓ ఇచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) కావాలి, 12 నెలలు దాటి ఇక్కడే ఉంచుకుంటే ఇక్కడి నంబరుకు మార్చుకోవాలి. ఆ తిరుగుడు కూడా లెక్కలో వేసుకోండి.

2015 వరదల్లోనో, 2023లో మిచౌంగ్ తుఫానుకో మునిగిన బండి కాదు కదా అని అడగడం వల్ల లాభం లేదు, ఎవరూ అవునని చెప్పరు. సీటు పట్టాల తుప్పు, హెడ్‌లైట్ లోపలి నీటి గీత, డ్యాష్‌బోర్డు వెనక బురద చూస్తే తెలిసిపోతుంది. ఎలక్ట్రానిక్స్ లేని బండి కాబట్టి మునిగినా బతుకుతుంది. కాకపోతే డిఫరెన్షియల్ ఆయిల్, చక్రాల బేరింగులు, స్టార్టర్ అన్నీ విప్పి చూడాల్సిందే.

ఇంజిన్‌ను మాత్రం చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. మీరు వెళ్లేసరికే బానెట్ వేడిగా ఉంటే మర్నాడు పొద్దున్నే చెప్పకుండా వెళ్లండి. మొదట కాస్త తెల్ల పొగ వచ్చి పోతే హీటర్ ప్లగ్గుల పని కావచ్చు. నీలం పొగ ఆగకుండా వస్తుంటే ఆయిల్ తాగుతోంది, పిస్టన్ రింగులదాకా వెళ్లాలి. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీస్తే పొగ బుసలు కొడుతోందంటే సిలిండర్లు అరిగి బోరుకు వచ్చినట్టే. అయినా అది డబ్బుతో తీరే పని, ఆ ఖర్చు ధరలో తగ్గించుకోండి.

కాగితాల్లో ఆర్‌సీలోని ఇంజిన్, ఛాసిస్ నంబర్లు బండి మీదున్న వాటితో కలవాలి. ఇంజిన్ మార్చి ఆర్‌సీలో ఎక్కించని బండ్లు చాలా ఉన్నాయి. అప్పు తీరినా హైపోథికేషన్ (ఆర్‌సీలో అప్పిచ్చినవాళ్ల పేరు) తీయించనివీ ఉన్నాయి. ఎల్లో బోర్డు (వాణిజ్య బండి) అయితే ఏటా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), గ్రీన్ ట్యాక్స్ తప్పవు. ప్రభుత్వ శాఖలు వాడి 15 ఏళ్లు దాటించిన బండి జోలికి అసలు పోవద్దు, 2023 ఏప్రిల్ నుంచి వాటిని తుక్కు చేయాల్సిందే. 'వింటేజ్' అని ధర పెంచేవాళ్లకు 2021 నిబంధనలు గుర్తుచేయండి. ఆ నమోదుకు 50 ఏళ్లు దాటాలి, పైగా అలా నమోదైన బండితో సరుకు మోయకూడదు.

వాడకంలో సుఖం గురించి పెద్దగా చెప్పుకోవడానికేమీ లేదు. పవర్ స్టీరింగ్ లేదు. మే నెలలో పూందమల్లి హైరోడ్డు ట్రాఫిక్‌లో క్యాబిన్‌లో కూర్చుంటే చొక్కా పిండుకోవాలి. అరవై పైచిలుకు హార్స్‌పవర్‌తో ఫ్లైఓవర్ ఎక్కుతుంటే వెనక కుట్టి యానై (ఇక్కడ టాటా ఏస్‌ను అలా పిలుస్తారు) కూడా హారన్ కొడుతుంది. అయినా కొబ్బరి మొక్కల కుండీలు నిండా ఎక్కించినా కుయ్యోమనదు. ఏం చెడినా రోడ్డు పక్కనే బాగుచేసే మనిషి దొరుకుతాడు. కొత్త పికప్‌కు కిస్తీ కట్టే స్థోమత ఉండి, రోజూ తిప్పే పని ఉంటే కొత్తదే కొనుక్కోండి. మాలా వారంలో కొన్ని రోజులే పనుంటే ఇది గిట్టుబాటవుతుంది.

మొక్కలకు పోసే నీళ్లు కారి కారి ఇప్పుడు మా తొట్టి నేల మూలల్లో చిల్లులు పడుతున్నాయి. వచ్చే ఎఫ్‌సీకి ముందు మార్పించాలి. చెకర్ ప్లేట్ (గీతలు ఉబ్బిన మందపాటి రేకు) వేద్దామని మెకానిక్ అంటున్నాడు. బరువు పెరుగుతుందని నేను మామూలు రేకే వేసి, నీళ్లు పోవడానికి రంధ్రాలు పెట్టమంటున్నాను.