ఛత్తా బజార్‌లో ఉర్దూ కాగితాలకు తెలుగు తర్జుమా: చదవలేని చోట ఖాళీ వదిలే చాచా

ప్రభుత్వ పాత రికార్డుల దగ్గర, రిఫరెన్స్ డెస్కులో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. సర్కారు ఉద్యోగంలో ఉండి ఒకరికి గిరాకీ పంపినట్టు కాకూడదు కాబట్టి దుకాణం పేరు రాయడం లేదు. అయినా వారానికి ముగ్గురు నలుగురు తాతల నాటి కాగితం తెచ్చి "మేడమ్, ఇది ఎవరితో చదివించాలి" అని అడుగుతూనే ఉంటారు, మంచి తర్జుమా ఎలా ఉంటుందో తెలియక డబ్బులు పోగొట్టుకుంటున్నారు. అందుకే ఈ రివ్యూ.

హైదరాబాద్ పాతబస్తీ ఛత్తా బజార్‌లో పెళ్లి కార్డుల ప్రెస్సుల మధ్య చిన్న గది. లోపల ఒక పెద్దాయన, అందరూ చాచా అంటారు. ఆయన చదివి నోటితో చెబుతుంటే, తెలుగు మీడియంలో చదువుకున్న కూతురు పక్కన కూర్చుని టైపు చేస్తుంది.

మొదటిసారి ఆయన పని చూసింది నల్గొండ వైపు నుంచి వచ్చిన ఒక రైతు వల్ల. ఆ రైతు తాత పేరు పోచయ్య. చేతిలో ఊరి సేత్వార్ (సర్వే నంబర్ల వారీగా భూమి, పట్టాదారు పేరు రాసిన పాత రిజిస్టరు) నకలు, దానికి ఇంకెవరో చేసిన తర్జుమా ఉన్నాయి. తర్జుమాలో పట్టాదారు పేరు బుచ్చయ్య అని ఖాయంగా టైపు చేసి ఉంది. ఆ ఒక్క పేరు వల్ల దరఖాస్తు వెనక్కి వచ్చిందని చెబుతుంటే ఆయన గొంతు పూడుకుపోయింది. నాకు అచ్చువేసిన ఉర్దూ చదవడం వస్తుంది, గుమస్తాల షికస్తా రాత, అంటే తొందరగా గొలుసుకట్టుగా రాసేది, అంతగా రాదు, అదీ గాక కాగితంలో ఏముందో తేల్చి చెప్పడం మా పని కాదు. చదవడం వచ్చినవాళ్లకు ఇంకోసారి చూపించమన్నాను. ఆయన వెతుక్కుంటూ చాచా దగ్గరికి వెళ్లాడు.

చాచా భూతద్దం పెట్టుకుని అరగంట చూసి "పోచయ్య లేదా బుచ్చయ్య, అసలులో చుక్కలు లేవు" అని రాసిచ్చాడు. ఉర్దూలో పే కింద మూడు చుక్కలు, బే కింద ఒకటి. తొందరలో రాసే గుమస్తా చుక్కలు వదిలేస్తే రెండు పేర్లూ ఒక్కలాగే కనిపిస్తాయి, 'ఓ'కీ 'ఊ'కీ ఒకటే అక్షరం కాబట్టి అచ్చు కూడా సాయం చేయదు. మొదటి మనిషి ఊహించి నింపేశాడు, చాచా నింపలేదు. "అదే ఊరిది, వేరే చేతిరాతతో ఉన్న కాగితం ఇంకోటి దొరుకుతుందేమో రికార్డుల వాళ్లను అడుగు" అని రైతును మళ్లీ మా దగ్గరికే పంపాడు.

ఇక్కడ మా పని గురించి కొంచెం చెప్పాలి. చాలామంది రికార్డులు మనిషి పేరు మీద ఉంటాయనుకుని వస్తారు. ఉండవు. ఏ కార్యాలయం రాసిందో ఆ కార్యాలయం కిందే, ఏ వరుసలో వచ్చాయో ఆ వరుసలోనే ఉంటాయి, గుడ్డలో కట్టిన బస్తాలు, బస్తాల్లో మిసళ్లు, అంటే ఫైళ్లు. కాబట్టి "మా తాత కాగితం కావాలి" అంటే మేము తిరిగి అడిగేది ఏ తాలూకా, ఏ ఊరు, ఏ ఫసలీ (నిజాం కాలపు రెవెన్యూ సంవత్సరం), ఎవరికి అర్జీ పెట్టుకున్నారు అనే. ఈ రైతుది ఊరి పేరు పట్టుకుని వెతికితే రెండో బస్తాలో, ఎక్కడా అనుకోని చోట, చెరువు ఎండిందని శిస్తు మాఫీ అడిగిన మిసల్ దొరికింది, అందులో పట్టాదారుల జాబితా. ఆ గుమస్తా ఓపికగా చుక్కలన్నీ పెట్టాడు. పే కింద మూడు చుక్కలు చూసినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి.

ఆ తర్వాత చాచా తర్జుమాలు జాగ్రత్తగా చూడటం మొదలుపెట్టాను. తేదీల దగ్గర ఆయన పొరపాటు పడగా నేను చూడలేదు. హైదరాబాద్ ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుందని అందరూ అంటారు. అది సగమే నిజం, మన ఫసలీ అక్టోబర్‌లో ఆజూర్ నెలతో మొదలవుతుంది కాబట్టి జనవరి నుంచి వచ్చే నెలలకు 591 కలపాలి. 1345 ఫసలీ ఆజూర్ అంటే 1935 అక్టోబర్, అదే 1345 ఖుర్దాద్ అంటే 1936 ఏప్రిల్ ప్రాంతం. నెల చూడకుండా లెక్క కట్టినవాళ్ల తర్జుమాల్లో ఒక్క ఏడాది తేడా వచ్చి, కొడుకు పుట్టకముందే వారసత్వం రాసినట్టు కనిపించిన కాగితాలు నా డెస్కు మీదికి వచ్చాయి. చాచా అసలు తేదీ ఉన్నది ఉన్నట్టు రాసి, కింద మార్చిన తేదీ విడిగా ఇస్తాడు. కాగితంలో హిజ్రీ ఉంటే హిజ్రీ అని కూడా చెబుతాడు.

డబ్బు సంగతీ అంతే. రూపాయలు అని ఉంటే అవి నిజాం సొంత నాణెం హాలీ సిక్కానా, బ్రిటిష్ వాళ్ల రూపాయి కల్దారా అని చూస్తాడు, ఆరు కల్దార్ రూపాయలకు ఏడు హాలీ రూపాయలు కాబట్టి బాకీ కాగితాల్లో అది చిన్న తేడా కాదు. పాత జమాఖర్చుల్లో అంకెల బదులు సియాఖ్ గుర్తులు ఉంటాయి, అవి కూడా చదువుతాడు, ఇప్పుడు అవి చదివేవాళ్లు నాకు తెలిసి చాలా తక్కువమంది.

ఫార్సీ మాత్రం ముట్టుకోడు. 1880లలో ఉర్దూ రాజభాష అయ్యేదాకా నిజాం దఫ్తర్లు ఫార్సీలోనే నడిచాయి, అంతకంటే పాత సనదు (సర్కారు ఇచ్చిన హక్కు పత్రం) తెస్తే "అక్షరాలు వస్తాయమ్మా, అర్థం మీద నమ్మకం లేదు" అని డబ్బు తీసుకోకుండా పంపించేస్తాడు, ఉస్మానియాలో ఫార్సీ విభాగం ఉంది, అక్కడ అడగమంటాడు.

బాగాలేనివి కూడా చెప్పాలి. చాలా ఆలస్యం. వారం అంటే మూడు వారాలు పడుతుంది, కోర్టు వాయిదా దగ్గరపడ్డవాళ్లకు టెన్షన్ తప్పదు. ఫోన్ ఎత్తరు. ఇచ్చిన తర్జుమా కాపీ తమ దగ్గర ఉంచుకోరు, పోతే మళ్లీ మొదటి నుంచి చేయించుకోవాల్సిందే, ఇది మార్చుకోమని ఆ అమ్మాయికి రెండుసార్లు చెప్పాను. నేను చూసినప్పుడు మామూలు రాతకు పేజీకి మూడు వందలు, షికస్తాకు ఆరు వందలు తీసుకున్నారు. ఆ పనికి అది ఎక్కువ కాదని నా ఉద్దేశం. ఐదుకు నాలుగు స్టార్లు ఇస్తున్నాను.

వెళ్లేవాళ్లు జిరాక్స్ మీద తీసిన జిరాక్స్ పట్టుకెళ్లకండి, అందులో మొదట పోయేవి చుక్కలే. మా దగ్గర సర్టిఫైడ్ నకలు తీసుకునేటప్పుడు వీలైతే స్కాన్ అడగండి, వెనక పేజీ ఖాళీగా కనిపించినా అదీ తీయించండి, ముద్రలూ హుకుంలూ చాలాసార్లు అక్కడే ఉంటాయి. తర్జుమా కోర్టులో పెట్టాలంటే ఎవరి సంతకం కావాలో ముందే మీ వకీలును అడిగి వెళ్లండి. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు మూస్తారు, నాలుగు తర్వాత తీస్తారు.