సోనాఫ్ బేసిక్‌తో నీళ్ళ మోటారు: మూడేళ్ళు వాడాక

కింద సంపు, డాబా మీద వెయ్యి లీటర్ల ట్యాంకు, మధ్యలో 1 హెచ్‌పీ మోనోబ్లాక్. ఆ మోటారుకి సోనాఫ్ బేసిక్ ఆర్2 అనే వైఫై స్విచ్ పెట్టి, కంపెనీ ఫర్మ్‌వేర్ (లోపల నడిచే సాఫ్ట్‌వేర్) చెరిపేసి టాస్మోటా అనే ఉచిత ఫర్మ్‌వేర్ ఎక్కించి మూడేళ్ళు దాటింది. స్విచ్‌గా వంక పెట్టేదేమీ లేదు. కాకపోతే మోటారు కరెంటుని మోసే పెద్ద స్విచ్ అయిన కాంటాక్టర్‌ని నొక్కే పని వరకే దానికి అప్పజెప్పాలి.

డబ్బా మీద 10 ఆంపియర్లని ఉంటుంది. మోటారు లాగేది ఆరేడు ఆంపియర్లే కదా అని నేరుగా తగిలించేస్తారు. ఆ 10 బల్బు, హీటరు లాంటి లోడుకి చెప్పిన లెక్క. మోటారు అందుకునే క్షణంలో తను మామూలుగా లాగేదానికి నాలుగైదు రెట్లు లాగుతుంది, ఆ నిప్పురవ్వకి సోనాఫ్ లోపలి రిలే (చిన్న స్విచ్) కాంటాక్టులు అతుక్కుపోతాయి. ఫోన్‌లో ‘ఆఫ్’ అనే కనిపిస్తుంది, పైన ట్యాంకు మాత్రం పొర్లుతూనే ఉంటుంది. 230 వోల్టుల కాయిల్ ఉన్న 25 ఆంపియర్ల కాంటాక్టర్ కొని, సోనాఫ్ అవుట్‌పుట్‌ని దాని కాయిల్ కొసలైన ఏ1, ఏ2లకి ఇవ్వండి. ఎంసీబీ, ఓవర్‌లోడ్ రిలే ఎక్కడివక్కడే ఉండాలి. మోటారు ఆపగానే స్విచ్ తనంతట తాను రీస్టార్ట్ అవుతుంటే అది కాయిల్ వెనక్కి తన్నే వోల్టేజి పని. 0.1 మైక్రోఫారడ్ ఎక్స్2 కెపాసిటర్, 100 ఓమ్‌ల రెసిస్టర్ సిరీస్‌లో కలిపి కాయిల్ రెండు కొసలకీ అడ్డంగా బిగిస్తే తగ్గిపోతుంది.

ఫర్మ్‌వేర్ ఎక్కించేటప్పుడు బోర్డుకి 230 వోల్టుల లైను అసలు తగలకూడదు. కరెంటు ఇచ్చేది యూఎస్‌బీ-సీరియల్ అడాప్టరే, అదీ 3.3 వోల్టులే; 5 ఇస్తే చిప్ పోతుంది. ఆర్ఎక్స్‌ని టీఎక్స్‌కి, టీఎక్స్‌ని ఆర్ఎక్స్‌కి తిప్పి కలపాలి. బోర్డు మీది బటన్ నొక్కి పట్టుకుని పవర్ ఇస్తే ఫ్లాష్ మోడ్‌లోకి వెళ్తుంది. సగంలో ఆగిపోతుంటే వైర్లని తిట్టుకోకండి: ఎఫ్‌టీ232 చిప్ 3.3 పిన్ ఇచ్చేది 50 మిల్లీఆంపియర్లే, వైఫై చిప్‌కి ఒక్కోసారి 300 దాకా కావాలి. విడిగా ఏఎంఎస్1117 రెగ్యులేటర్ బోర్డు పెట్టి, గ్రౌండ్లు కలిపితే ఒక్కసారికే ఎక్కుతుంది. కొత్త ఆర్4లో ఉన్నది ఈఎస్‌పీ32-సీ3, దాని ఫైలు వేరు.

ఇక మన కరెంటు సంగతి. టాస్మోటా మామూలుగా కరెంటు పోయే ముందున్న స్థితిని గుర్తుపెట్టుకుంటుంది. అంటే మోటారు నడుస్తుండగా కరెంటు పోతే, అర్ధరాత్రి రెండింటికి రాగానే మళ్ళీ నడుస్తుంది. కన్సోల్‌లో ‘పవర్‌ఆన్‌స్టేట్ 0’ కొట్టండి, కరెంటు వచ్చాక ఆఫ్‌లోనే ఉంటుంది. రెండోది ‘సెట్‌ఆప్షన్65 1’. ప్రతిసారీ పది సెకన్లు తిరక్కుండానే వరసగా ఏడుసార్లు కరెంటు పోయి వస్తే, ఎవరో రీసెట్ అడిగారనుకుని సెట్టింగులన్నీ చెరిపేసే ఏర్పాటు టాస్మోటాలో ఉంది, ఈ కమాండ్ దాన్ని ఆపేస్తుంది. గాలివానకి లైను కొట్టుకునే ఊళ్ళలో ఇది వట్టి భయం కాదు. మూడోది ‘పల్స్‌టైమ్’. ఇచ్చిన సమయం కాగానే స్విచ్‌ని ఆపేసేది ఇదే. సెకన్లకి 100 కలిపి ఇవ్వాలి: అరగంటకి 1900. ట్యాంకు నిండే సమయం కొలుచుకుని అయిదు నిమిషాలు కలుపుకోండి. ఈ లెక్క స్విచ్ లోపలే నడుస్తుంది కాబట్టి వైఫై లేకపోయినా మోటారు ఆగుతుంది.

సంపు ఖాళీ అయితే ఈ మూడూ కాపాడలేవు. మోటారు ఉత్తినే తిరిగి సీలు కాలుతుంది. సంపులో ఒక ఫ్లోట్ స్విచ్ (నీటిమట్టం పడిపోతే లైను తెంచేది) వేసి, కాయిల్ లైన్‌లో సిరీస్‌గా కలపండి. ఆ లైనుకి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను కొట్టేసే బ్రేకర్) తప్పనిసరి. ఫ్లోట్ తీగని తెచ్చి సోనాఫ్ ఖాళీ పిన్‌కి కలిపే సలహాలు ఇస్తుంటారు, వినకండి. పొడుగు తీగ పక్క లైన్ల గోలంతా పట్టుకుంటుంది, పైగా బోర్డుకి 230 వోల్టుల లైనుతో దగ్గరి చుట్టరికం.

ఇనప ప్యానెల్ బాక్సులో పెడితే సిగ్నల్ చస్తుంది, ప్లాస్టిక్ బాక్సు వాడండి. పొద్దున్నే ఆరింటికి టైమర్ పెట్టుకునేవాళ్ళు ‘టైమ్‌జోన్ +5:30’ ఇవ్వడం మరవద్దు. లోపల గడియారపు బ్యాటరీ లేదు, కరెంటు వచ్చాక టైము ఇంటర్నెట్ నుంచే తెచ్చుకోవాలి. రౌటర్‌కి చిన్న యూపీఎస్ లేకపోతే, నెట్ రాని రోజు ఆరింటికి మోటారు కదలదు.