చేతిలో ఇమిడే చవక ఫోన్: ఏళ్ల తరబడి వాడాక రెడ్‌మీ 5ఏ

చవక ఫోన్ల మీద సమీక్షలన్నీ పెట్టె విప్పిన వారం లోపే వచ్చేస్తాయి. కానీ ఏ ఫోనైనా మొదటి నెల బాగానే నడుస్తుంది. అసలు సంగతి రెండో ఏడాది నుంచి బయటపడుతుంది. స్టోరేజీ నిండాక, బ్యాటరీ నీరసించాక, యాప్‌లు బరువెక్కాక ఆ ఫోన్‌తో రోజెలా గడుస్తుందో కొనేవాళ్లకు తెలియాలి. నేను రెడ్‌మీ 5ఏని 2018లో కొన్నాను. చాలాకాలం నాకున్నది ఆ ఒక్క ఫోనే. తర్వాత నాన్న చేతికి వెళ్లింది, ఇప్పటికీ ఇంట్లో నడుస్తోంది. ఇంత పాత ఫోన్ గురించి ఇప్పుడెందుకంటే, చిన్న ఫోన్ కావాలనుకునేవాళ్లు సెకండ్‌హ్యాండ్‌లో ఇలాంటివి ఇంకా వెతుకుతున్నారు. కొత్తవాటిలో ఆ సైజు దొరకడం లేదు మరి.

షావోమీ దీన్ని మన దేశంలో 2017 నవంబర్ 30న విడుదల చేసింది. 2 జీబీ ర్యామ్, 16 జీబీ స్టోరేజీ ఉన్న రకం ధర 5,999 రూపాయలు. మొదటి 50 లక్షల ఫోన్లను వెయ్యి తగ్గించి 4,999కే ఇచ్చారు. 3 జీబీ, 32 జీబీ రకం 6,999. నాది చిన్న రకం. ఆ కంపెనీ మన దేశంలో ఫోన్ల తయారీ మొదలుపెట్టింది 2015లో, మన శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ ప్లాంటులోనే. పెట్టె మీద ‘మేడిన్ ఇండియా’ అన్న మాట చూసి అప్పట్లో నాకు నిజంగా సంతోషం వేసింది.

ముందుగా సైజు గురించి చెప్పాలి. ఈ ఫోన్‌ని ఇన్నేళ్లు వదలకపోవడానికి కారణం అదే. 5 అంగుళాల స్క్రీన్, 137 గ్రాముల బరువు. నేను తెనాలి నుంచి గుంటూరుకు రోజూ రైల్లో ఉద్యోగానికి వెళ్లేదాన్ని. సీటు దొరకని రోజులే ఎక్కువ. ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, రెండో చేత్తోనే ఫోన్ తీసి, మెసేజ్ చదివి, జవాబు కొట్టి మళ్లీ కుర్తా జేబులో పెట్టుకోగలిగేదాన్ని. బొటనవేలు స్క్రీన్ పై మూల దాకా అందుతుంది. ఆడవాళ్ల కుర్తాలకు జేబు కుట్టడమే అరుదు, కుట్టినా చిన్నది కుడతారు. అందులో ఇది పూర్తిగా దిగిపోతుంది. ఇదే కంపెనీ 2024లో తెచ్చిన చవక ఫోన్ రెడ్‌మీ ఏ3 తీసుకుంటే స్క్రీన్ 6.71 అంగుళాలు, బరువు 200 గ్రాములకు దగ్గర. సినిమా చూడటానికి అది బాగుంటుంది, నేను కాదనను. నిలబడి ప్రయాణం చేసేవాళ్లకు మాత్రం రెండు చేతులూ కావాలి.

చిన్న స్క్రీన్‌తో తెలుగుకు సంబంధించిన ఇబ్బంది ఒకటుంది. సమీక్షల్లో దీన్నెవరూ రాయరు. రిజల్యూషన్ 720పీ కాబట్టి ఒత్తులూ గుణింతాలూ స్పష్టంగానే కనిపిస్తాయి. కానీ నాన్న కోసం అక్షరాల సైజు పెంచితే లైనుకు రెండు మూడు మాటలకు మించి పట్టవు, మన మాటలు పొడుగు కదా. ఒక వార్త చదవాలంటే ఆయన వేలితో జరుపుతూనే ఉండాలి. తెలుగు కీబోర్డు తెరిస్తే స్క్రీన్‌లో సగం అదే ఆక్రమిస్తుంది. నాన్నకు వాయిస్ టైపింగ్ నేర్పించాను. ఇప్పుడు ఊళ్లో మా పెదనాన్నకు మెసేజ్‌లన్నీ మాట్లాడే పంపుతున్నారు. కళ్లు మసకేసే వయసు వాళ్లకు చిన్న ఫోన్ కొనివ్వాలనుకుంటే ముందు ఈ విషయం ఆలోచించండి.

ఇక ఈ ధరకు ఎక్కడెక్కడ తగ్గించారో చెబుతాను. వేలిముద్ర సెన్సర్ లేదు. తెరిచిన ప్రతిసారీ పిన్ కొట్టాలి. కింది మూడు టచ్ బటన్లకు లైటు లేదు, అలవాటయ్యేదాకా చీకట్లో తడుముకోవాలి. వైఫై 2.4 గిగాహెర్ట్జ్‌కే పరిమితం. ఛార్జర్ 5 వాట్లది, పూర్తిగా నిండడానికి మూడు గంటల దాకా పడుతుంది. ఇవన్నీ నాలుగు రోజుల్లో అలవాటైపోయాయి. వీటి కోసం ఫోన్ వద్దనుకోవాల్సిన పనేమీ లేదు.

అలవాటు కానిది స్టోరేజీ. 16 జీబీలో ఫోన్ సొంత సాఫ్ట్‌వేర్ పోగా మనకు మిగిలేది 10 జీబీ అటూ ఇటూ. మొదటి ఏడాది అది చాలు. ఆ తర్వాత వాట్సాప్ ఒక్కటే గిగాబైట్లకు గిగాబైట్లు తినేస్తుంది. మెమరీ కార్డు వేశాం కదా అంటే, ఫొటోలూ పాటలూ కార్డులోకి వెళ్తాయి గానీ వాట్సాప్‌కు వచ్చే వీడియోలు ఫోన్ లోపలే చేరతాయి. బంధువుల గ్రూపుల్లో తెల్లారితే వచ్చే శుభోదయం బొమ్మలతోనే నిండిపోయేది. వాట్సాప్ సెట్టింగ్స్‌లో ఆటో డౌన్‌లోడ్ పూర్తిగా ఆపేయడం కొన్న రోజే చేయాల్సిన పని. ఫేస్‌బుక్‌కు బదులు ఫేస్‌బుక్ లైట్ పెట్టుకోవాలి. యూట్యూబ్ గో అని చిన్న ఫోన్ల కోసం తేలికైన యాప్ ఒకటి ఉండేది, 2022లో దాన్ని ఆపేశారు. అప్పటినుంచి మామూలు యూట్యూబే గతి.

ర్యామ్ సంగతీ ఇదే. ఇందులోని ప్రాసెసర్ స్నాప్‌డ్రాగన్ 425 పెద్ద పనులకు చేసింది కాదు. అయినా కాల్స్, మెసేజ్‌లు, మ్యాప్, పాటలు, రైలు టికెట్ లాంటి వాటికి ఇబ్బంది పెట్టలేదు. కష్టమల్లా 2 జీబీ ర్యామ్‌తోనే. మ్యాప్ చూస్తూ ఫోన్ మాట్లాడి వెనక్కి వెళ్తే మ్యాప్ మళ్లీ మొదటినుంచి తెరుచుకుంటుంది. యాప్‌లు ఏటికేడాది పెద్దవవుతున్నాయి, ర్యామ్ మాత్రం కొన్నప్పుడు ఎంతో అంతే. నోటిఫికేషన్లు ఆలస్యంగా వస్తుంటే ఆ యాప్‌కు ఆటోస్టార్ట్ (మనం తెరవకపోయినా దానంతటదే నడిచే) అనుమతి ఇచ్చి చూడండి, చాలావరకు సరిపోతుంది. ఫైల్ మేనేజర్, సెక్యూరిటీ యాప్‌లలో వచ్చే ప్రకటనలు మాత్రం తక్కువ ధరకు మనం వేరే రూపంలో చెల్లించే మూల్యం. ఆ యాప్‌ల సెట్టింగ్స్‌లో రికమండేషన్స్ ఆఫ్ చేస్తే చాలా తగ్గుతాయి. ఇంట్లో పెద్దవాళ్లకు ఇచ్చే ముందు ఇది తప్పకుండా చేయండి. వాళ్లు తెలియక వాటి మీద నొక్కుతారు.

కెమెరా 13 మెగాపిక్సెల్స్. పగటి వెలుతురులో బాగుంటుంది. మా పెరట్లో మందారాలు, పాఠాల నోట్సు, బిల్లులు అన్నీ దీంతోనే తీశాను. సాయంత్రం ఆరు దాటితే ఆశపెట్టుకోవద్దు.

బ్యాటరీ 3000 ఎంఏహెచ్. అంకె చిన్నదే, కానీ స్క్రీన్ చిన్నది, ప్రాసెసర్ పెద్దగా తాగేది కాదు. కొత్తలో పొద్దున ఛార్జింగ్ తీస్తే మర్నాడు మధ్యాహ్నం దాకా వచ్చేది. తర్వాత తర్వాత రాత్రికే అయిపోయేది. ఇది విప్పి మార్చుకునే బ్యాటరీ కాదు, మెకానిక్ వెనక కప్పు ఊడదీయాలి. మా బజార్లో ఒక షాపులో వేయించిన బ్యాటరీ కొన్ని నెలలకే ఉబ్బింది. వేరే చోట మళ్లీ మార్పించాల్సి వచ్చింది. పాత ఫోన్ కొనేవాళ్లు వెనక కప్పు ఎక్కడైనా లేచి ఉందేమో వేలితో నొక్కి చూడండి. ఉబ్బిన బ్యాటరీతో ఫోన్ వాడటం ప్రమాదం.

మెచ్చుకోవాల్సినవి ఇంకా ఉన్నాయి. రెండు సిమ్‌లు వేసుకున్నా, మెమరీ కార్డుకు వేరే స్లాటు ఇచ్చారు. అప్పట్లో చాలా ఫోన్లలో రెండో సిమ్మో, కార్డో ఏదో ఒకటే వేసుకోవాలి. పైన ఇన్‌ఫ్రారెడ్ ఉంది, దాంతో టీవీ, సెట్‌టాప్ బాక్సు, ఏసీ నడపొచ్చు. రిమోట్ కనిపించనప్పుడల్లా ఇంట్లో అందరూ ఈ ఫోన్‌నే అడుగుతారు. ఎఫ్ఎం రేడియో ఉంది, ఇయర్‌ఫోన్ పెడితే చాలు, డేటా అక్కర్లేదు. 2023 డిసెంబర్ 5న మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మాకు కరెంటు లేదు, మొబైల్ సిగ్నల్ వచ్చిపోతూ ఉంది. నాన్న ఈ ఫోన్‌లో ఆకాశవాణి పెట్టుకుని, వార్తలు వినగానే మాకు చెబుతూ కూర్చున్నారు. నా కొత్త ఫోన్ ఇంతకు మూడింతల ధర, అందులో రేడియో లేదు.

అన్నీ చూశాక దీన్ని ఇప్పుడు కొనమంటానా? ప్రధాన ఫోన్‌గా వద్దు. ఇది ఆండ్రాయిడ్ 7.1తో వచ్చి 8.1 దగ్గర ఆగిపోయింది. 8.1కి గూగుల్ సెక్యూరిటీ ప్యాచ్‌లు (భద్రతా లోపాలను సరిచేసే అప్‌డేట్లు) ఇవ్వడం 2021లోనే మానేసింది. అందుకే నాన్న ఫోన్‌లో బ్యాంకు యాప్ గానీ, యూపీఐ గానీ పెట్టలేదు. “నాకెందుకమ్మా అవి, నువ్వున్నావుగా” అంటారాయన. కాల్స్, వాట్సాప్, రేడియో, రిమోట్ కోసం రెండో ఫోన్‌గా అయితే నిశ్చింతగా తీసుకోవచ్చు. అదీ 3 జీబీ రకం దొరికితేనే. కొత్తదానికి అప్పటి తేడా వెయ్యి రూపాయలే, కానీ ఆ వెయ్యితో ఫోన్ ఆయుష్షు కనీసం రెండేళ్లు పెరిగేది.

చవక చిన్న ఫోన్‌లో నేను కోరేది ఎక్కువేం కాదు. ఐదున్నర అంగుళాల స్క్రీన్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ, వేలిముద్ర సెన్సర్, ఎఫ్ఎం రేడియో. కెమెరా ఒక్కటే ఉన్నా, ప్రాసెసర్ సాదాదైనా సర్దుకుంటాను. ఎనిమిది వేల లోపు ఏ కంపెనీ తెచ్చినా ఇంట్లోకి రెండు కొంటాను, ఒకటి నాకు, ఒకటి నాన్నకు.